కామిక్ చూసి సిగ్గుపడే సినిమాలు

మాయాబజార్‌లో పాండవులు కనిపించరు. మూడు గంటల సినిమాలో ఒక్క చోట కూడా ధర్మరాజు గానీ భీముడు గానీ తెర మీదికి రారు. అంతెందుకు, కథానాయిక శశిరేఖే వ్యాసుడి భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. 1957లో ఆ సినిమా వచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా భారతం పద్యాలతో సహా అప్పజెప్పగల పెద్దలు ఊరికి నలుగురైనా ఉండి ఉంటారు. మూలానికి ద్రోహం జరిగిందని వాళ్లలో ఒక్కరైనా కర్ర పట్టుకుని బయలుదేరినట్టు నేను వినలేదు. పైగా ఈనాటికీ మా వైపు పెళ్లి భోజనాల్లో ఘటోత్కచుడి ప్రస్తావన రాని బంతి ఉండదు.

అదే గడ్డ మీద పుట్టిన మా మేనల్లుడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్నామధ్య ఒక సూపర్‌హీరో సినిమా చూసి వచ్చి, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. హీరో ముసుగు రంగు కామిక్‌లో ఉన్న రంగు కాదట. "ఉన్నది ఉన్నట్టు తీయడానికి ఏమి కష్టం మావయ్యా? బొమ్మలు గీసి పెట్టే ఉన్నాయి. చూసి తీయడమే కదా!" అన్నాడు.

వాడి మాటను అంత తేలిగ్గా తీసిపారేయలేం. నవల చదివిన పదిమందికి పదిరకాల కథానాయికలు కనిపిస్తారు. సినిమాలో పదకొండో ఆమె వస్తే కాస్త గొణుక్కుని సర్దుకుపోతాం. పురాణమూ అంతే. కృష్ణుడి ముక్కు ఎలా ఉంటుందో ఎవరూ కొలిచి రాయలేదు కాబట్టే రామారావు గారి ముక్కు ఆ చోట కుదురుకుంది, అక్కడి నుంచి క్యాలెండర్ల మీదికి ఎక్కింది. కామిక్ సంగతి వేరు. ముక్కు, గడ్డం, నీడ ఏ వైపు పడాలి, కోపం వస్తే కనుబొమ ఎక్కడ విరగాలి, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని గీసి పెట్టాడు. చదివినవాడి మనసులో ఇంకో ముఖానికి చోటు లేదు.

అయినా నేను వాడి పక్షం కాదు. సినిమావాళ్లు కామిక్‌ను మార్చడం నేరమని నేననుకోను. కామిక్‌ను చూసి సిగ్గుపడి మార్చడం నేరం. ఇక ఏమీ మార్చకుండా, కామిక్ పేజీలో ఒక్కొక్క బొమ్మ ఉండే గడులను గడికి గడి అతికిస్తామంటారా, అది బడిలో రాయించే చూచిరాత. దస్తూరి కుదురుతుందేమో గానీ పాఠం రాదు.

పాలకొల్లులో నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. డిటెక్టివ్ నవలలు, వారపత్రికల నుంచి చింపి కుట్టించిన సీరియళ్లు, చందమామ పాత సంచికలు, వాటి మధ్య తెలుగు అమర్ చిత్ర కథలు, ఎవరో చదివి అమ్ముకున్న ఇంగ్లీషు కామిక్స్. అట్టలు ఊడిపోకుండా కొట్టు యజమాని వాటన్నిటికీ దబ్బనంతో దారం కుట్టేవాడు. ఆ కుట్టు బిగింపుకు ప్రతి పేజీలోనూ లోపలి వైపు బొమ్మ సగం మడతలోకి పోయేది. బొటనవేళ్లతో రెండు వైపులా విడదీసి, మెడ వంచి, లోపలికి తొంగి చూసి చదవాలి. అలాంటి ఒక ఇంగ్లీషు కామిక్‌లో నడుమ కాగితం ఒకటి ఊడిపోయింది. ఎడమ పేజీ చివరి గడిలో ఒకడు కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు, కింద నది. కుడి పేజీ మొదటి గడిలో అదే మనిషి పొడి బట్టలతో, దువ్విన తలతో, ఎవరి ఇంట్లోనో కాఫీ తాగుతున్నాడు. ఆ వేసవి సెలవులంతా మా జట్టుకు అదే చర్చ. పడవవాడు వచ్చి పట్టుకున్నాడని ఒకడు, అసలు పడిపోయినవాడు వేరు, కాఫీ తాగుతున్నవాడు వాడి కవల తమ్ముడు అని ఇంకొకడు. చాలా ఏళ్ల తరువాత ఆ పుస్తకం పూర్తి ప్రతి దొరికింది. పైనుంచి ఎవరో తాడు వేశారు, ఎక్కి వచ్చాడు. అంతే! మా కవల తమ్ముడి కథే మేలు.

చిరగని కామిక్‌లో కూడా అలాంటి కాగితాలు పోయి ఉంటాయి, ప్రతి రెండు గడుల మధ్యా. సన్నటి తెల్లటి ఖాళీ ఒకటి. మొదటి గడిలో చెయ్యి పైకి లేచింది, రెండో గడిలో మనిషి కింద పడి ఉన్నాడు. దెబ్బ కొట్టింది ఎవరు? చదివేవాడే. ఎంత గట్టిగా కొట్టాలో, ఎంతసేపు కొట్టాలో కూడా వాడి ఇష్టమే. ఒక గడి దగ్గర పది నిమిషాలు ఆగవచ్చు, నచ్చకపోతే నాలుగు పేజీలు వెనక్కి పోవచ్చు. సినిమాలో ఆ హక్కు మనకు లేదు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు వచ్చి ఆ ఖాళీ మొత్తాన్ని పూడ్చేస్తాయి, ఎంతసేపు చూడాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. కాబట్టి గడులను మాత్రమే తెచ్చి తెర మీద పెట్టినవాడు కామిక్‌లో సగమే తెచ్చాడు. చదివేవాడు పని చేసే సగాన్ని పుస్తకంలోనే వదిలేసి వచ్చాడు.

దీనికి వాచ్‌మెన్‌ను మించిన సాక్ష్యం లేదు. అలన్ మూర్ రాసి డేవ్ గిబ్బన్స్ గీసిన ఆ కథ 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. పేజీకి తొమ్మిది గడులు, మూడు వరుసలుగా, దాదాపు పుస్తకమంతా అదే కొలత. ఐదో సంచికను అద్దంలో ప్రతిబింబంలా పేర్చారు. మొదటి పేజీ అమరికే చివరి పేజీకి, రెండో పేజీ అమరికే చివరి నుంచి రెండో పేజీకి, అలా రెండు కొసల నుంచి వచ్చి నడుమ కలుస్తాయి. వేళ్లతో పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పితే గానీ ఆ సంగతి తెలియదు. సినిమా హాల్లో ఏమి తిప్పుతాం?

2009లో జాక్ స్నైడర్ దానిని సినిమాగా తీశాడు. గిబ్బన్స్ గీసిన గడులను పక్కన పెట్టుకుని కెమెరా బిగించినట్టు ఉంటాయి చాలా షాట్లు. మా వాడు కోరుకునే సినిమా సరిగ్గా అలాంటిదే. అందులో ఒక్క సన్నివేశం చూడండి. ముసుగులు విప్పేసి ఏళ్లు గడిచిన డాన్, లారీ అనే ఇద్దరు మాజీ వీరులు రాత్రి పూట ఒక సందులో దొంగల ముఠాకు చిక్కుతారు. పుస్తకంలో ఆ కొట్లాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, నడుమ నడుమ వేరే చోట జరుగుతున్న టీవీ ఇంటర్వ్యూ అడ్డుపడుతూ ఉంటుంది. డాన్‌కు పొట్ట వచ్చింది, నడివయసు దాటుతోంది. కొట్లాట ముగిశాక ఇద్దరూ వగరుస్తూ, ఏదో చేయకూడని పని చేసినవాళ్లలా ఇబ్బందిగా నిలబడతారు. సినిమాలోనూ అదే సందు, అదే ముఠా. కానీ అక్కడ చెయ్యి విరిస్తే ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. ఒక్కొక్క దెబ్బనూ నెమ్మదిగా, ముద్దుగా చూపిస్తారు. మనకు ఈల వేయాలనిపిస్తుంది. పుస్తకం పుట్టిందే ఆ ఈలను నిలదీయడానికి. దుస్తులు సరిపోయాయి, సందు సరిపోయింది, అర్థం తలకిందులైంది.

అభిమానులు గొడవ పెట్టుకున్నది దీని మీద అయితే సంతోషించేవాడిని. వాళ్లు పట్టుకున్నది ముగింపును. పుస్తకం చివర న్యూయార్క్ నడిబొడ్డున ప్రత్యక్షమయ్యే ఊడల రాకాసి జంతువును సినిమా తీసేసి, ఆ వినాశనాన్ని డాక్టర్ మన్‌హాటన్ అనే అతీత శక్తులున్న పాత్ర మీదికి నెట్టింది. నన్నడిగితే ఆ సినిమా తీసినవాళ్లు పుస్తకం మూసి, కాసేపు ఆలోచించి చేసిన పని అదొక్కటే.

కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల రావణుడు గుడి గోడ మీది రావణుడిలా ఉండడు. మేక తోలును పలచగా గీకి, రెండు వైపులా రంగు వేసి, నగలు ఉండవలసిన చోటల్లా ఉలితో చిల్లులు పొడుస్తారు. వెనుక దీపం పెడితే తెర మీద ఆ చిల్లులే హారాలై మెరుస్తాయి. రాతి రావణుడికి చిల్లులు లేవు కదా అని వాళ్లను ఎవరూ నిలదీయరు. తోలు సంగతి, దీపం సంగతి తెలిసిన చెయ్యి చేసిన మార్పు అది.

స్పైడర్‌మాన్ విషయంలో దర్శకుడు శామ్ రైమి చేసిందీ అలాంటి పనే అని నా నమ్మకం. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పీటర్ పార్కర్‌కు గోడలు పాకే శక్తి సాలీడు కాటుతో వచ్చింది గానీ, సాలెగూడు రాలేదు. మణికట్టుకు కట్టుకునే పరికరాన్ని, అందులో పోసే జిగురు ద్రావకాన్ని వాడే తయారు చేసుకున్నాడు. చదువులో ముందుండే పేద పిల్లవాడి గర్వం అది. 2002 సినిమాలో ఆ పరికరం లేదు, గూడు దారం మణికట్టులోంచే వస్తుంది. సినిమా విడుదల కాకముందే అభిమానులు ఇంటర్నెట్‌లో శోకాలు పెట్టారు. పోయింది చిన్నదేమీ కాదు, ఒప్పుకుంటాను. కామిక్‌లో కొట్లాట మధ్యలో ద్రావకం అయిపోవడం ఎంత మంచి ఉత్కంఠ! దాని బదులు రైమి ఏమి ఇచ్చాడో చూడండి. మేడ మీద నిలబడి ఆ కుర్రవాడు చేతిని ఇలా తిప్పి, అలా తిప్పి, వేళ్లు మడిచి, తెరిచి, రకరకాల కేకలు వేసి, తన ఒంట్లో ఏమి జరుగుతోందో తెలియక తికమకపడతాడు. మీసాలు మొలిచే వయసులో గొంతు మారి, ఒళ్లు మారి, అద్దం ముందు నిలబడి బిక్కముఖం వేయని మగపిల్లవాడు ఉంటాడా? అక్కడితో ఆగలేదు. 2004లో వచ్చిన రెండో భాగంలో మనసు చెదిరిన పీటర్‌కు గాలిలో ఉండగానే దారం రావడం ఆగిపోతుంది, ఆ వేషంతోనే లిఫ్టులో దిగవలసి వస్తుంది. ద్రావకం అయిపోవడంలో ఉన్న ఉత్కంఠ అంతా తిరిగి వచ్చింది, ఈసారి మనసుకు ముడిపడి. 2012లో వచ్చిన కొత్త సినిమా పరికరాన్ని భక్తిగా తెచ్చి మణికట్టుకు కట్టింది. కట్టింది, బాగానే ఉంది. ఆ లిఫ్టు లాంటి సన్నివేశం ఒక్కటైనా దానితో పుట్టిందా?

సిగ్గుపడి మార్చడం అంటే ఏమిటో చెప్పాలి. 1966 ఫెంటాస్టిక్ ఫోర్ కథలో జాక్ కర్బీ గీసిన గెలాక్టస్ లోకాలనే తినేస్తాడు. పక్కన మామూలు మనుషులు బొమ్మల్లా కనిపించేంత భారీ మనిషి, నెత్తిన కొమ్ముల్లాంటి వింత శిరస్త్రాణం. 2007లో తీసిన సినిమాలో ఆయన ఒక మేఘం అయిపోయాడు. నాకు కనిపించే కారణం ఒక్కటే: పెద్దవాళ్లు నవ్వుతారేమోనన్న బెరుకు. పిల్లల పుస్తకం నుంచి డబ్బు కావాలి గానీ, పిల్లల పుస్తకం తీశామని అనిపించుకోకూడదు. ఈ రోగం మనకు లేదు. త్రివిక్రముడు ఆకాశమంతా నిండాడని చెప్పేటప్పుడు, పోనీ అది మేఘం అనుకోండి అని ఏ పురాణం శాస్త్రిగారూ సర్దిచెప్పలేదు. ఎస్.వి. రంగారావు గారు ఘటోత్కచుడిగా గద భుజాన వేసుకుని నవ్వితే ఏ పెద్దమనిషీ మొహం చాటేయలేదు. 2025లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ సినిమాలో గెలాక్టస్ మళ్లీ తన శిరస్త్రాణంతో, తన ఎత్తుతో నగరం వీధుల్లో నడిచాడు. నేను చూసిన హాల్లో నవ్విన వాళ్లు లేరు.

ఎక్స్-మెన్ మీద నా కోపం కూడా ఇదే జాతిది. 2000లో తీసిన మొదటి సినిమాలో అందరికీ నల్ల తోలు దుస్తులు తొడిగి, అది చాలదన్నట్టు పాత పసుపు దుస్తుల మీద ఒక వెటకారం కూడా పెట్టారు. 2024లో, ఆ సినిమాలో వుల్వరిన్‌గా వేసిన హ్యూ జాక్‌మన్ పసుపు దుస్తుల్లో వస్తే జనం ఈలలు వేశారు. పసుపు రంగు ఎబ్బెట్టుగా ఉంటుందని వాళ్లకు చెప్పినది ఎవరో!

ఇంతకీ ఏ కామిక్‌కు కట్టుబడాలి? బ్యాట్‌మాన్ ఎవరినీ చంపడు, తుపాకీ ముట్టడు, ఇది వాడి ధర్మం అని మా మేనల్లుడు బల్ల గుద్ది చెబుతాడు. 1939లో పుట్టిన బ్యాట్‌మాన్ తొలి కథల్లో తుపాకీ పట్టాడు, కాల్చాడు, మనుషులు చచ్చారు కూడా. ఆ ధర్మం తరువాత వచ్చింది. ఎనభై ఏళ్లకు పైగా వందల మంది రాసి గీసిన మనిషికి మూలం అంటూ ఒకటి ఉండదు. వాడు మన రాముడి దారిలో ఎప్పుడో వెళ్లిపోయాడు. రంగనాథ రామాయణం ఉంది, మొల్ల ఉంది, కల్పవృక్షం ఉంది, హరికథల్లో దాసుగారి పిట్టకథలు ఉన్నాయి. అలాంటి పాత్రను సినిమాకు తీసుకున్నవాడు ఫలానా సంచికకు కట్టుబడలేదని తిట్టడం నాకు వింతగా ఉంటుంది.

ఈ వ్యవహారం గోదావరి ఒడ్డున వెయ్యేళ్ల కిందటే తేలిపోయింది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు నన్నయను కోరింది వ్యాసుడు నిరూపించిన అర్థం తేటపడేటట్టు తెలుగులో భారతం రాయమని. శ్లోకానికి పద్యం లెక్కగట్టి అప్పజెప్పమనలేదు. నన్నయ కొన్నిటిని కుదించాడు, కొన్నిటిని వదిలాడు, కొన్నిటిని పెంచాడు. తరువాత వచ్చిన తిక్కన భగవద్గీత అంతటినీ కొద్ది పద్యాల్లో దాటేశాడు. ఇవాళ ఏ సినిమా దర్శకుడికైనా అంత ధైర్యం ఉందా?

ఒకరే ఊహించి ఒకేసారి పూర్తి చేసిన పుస్తకాలకు కాస్త ఎక్కువ రుణపడి ఉంటామని నేనూ ఒప్పుకుంటాను. ఇరాన్‌లో పుట్టిన మర్జానె సత్రాపి తన జీవితాన్నే కామిక్‌గా గీసిన పెర్సెపొలిస్‌ను 2007లో తానే ఇంకొకరితో కలిసి సినిమాగా తీసినప్పుడు, మనుషులను పెట్టకుండా తన నలుపు తెలుపు బొమ్మలనే కదిలించింది. టెహ్రాన్ వీధిని రంగుల్లో చూపిస్తే అది పరాయి దేశం వార్త అయిపోయేది. ఆ నల్లటి గీతల్లో అది ఏ ఊరి పిల్ల అయినా కావచ్చు. కానీ ఇక్కడ కూడా సూత్రం పనిచేయదు. పార్క్ చాన్-వుక్ 2003లో తీసిన ఓల్డ్‌బాయ్ ఒక జపాన్ కామిక్ నుంచి వచ్చింది. ఒక మనిషిని కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి గదిలో బంధించడం అనే బీజం తీసుకుని, ఆ కారణాన్ని మాత్రం పూర్తిగా మార్చేశాడు. అందులో నడవా కొట్లాట ఉంది. కెమెరా పక్క నుంచి, బల్లపరుపుగా, కోత లేకుండా కదులుతూ ఉంటుంది. గడులు విడదీయని ఒకే పొడవాటి కామిక్ బొమ్మలా. చూచిరాత రాసిన ఏ సినిమాలోనూ నాకు కామిక్ అంతగా కనిపించలేదు.

ముసుగు రంగు మాటకు వస్తే, విశ్వాసం ఎవరికి చూపించాలన్న ప్రశ్న ఒకటి మిగిలింది. బ్యాట్‌మాన్ మొదటి నమూనాలో బాబ్ కేన్ ఎర్రటి దుస్తులు, కళ్లకు చిన్న గంత, కర్రల్లాంటి రెక్కలు గీశాడు. చెవులున్న ముసుగు, వేలాడే అంగీ, బూడిద రంగు బిల్ ఫింగర్ సలహాలు. అభిమానులు ప్రాణం పెట్టి కాపాడే ఆ వేషం సగానికి పైగా అతనిది. అతను 1974లో పోయాడు. బ్యాట్‌మాన్ సృష్టికర్తల్లో అతని పేరు కూడా వేస్తామని ఆ కామిక్స్ వేసే కంపెనీ ఒప్పుకున్నది 2015లో. సూపర్‌మాన్‌ను ఊహించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో హక్కులన్నీ 130 డాలర్లకు వదులుకున్నారు. పెద్ద సినిమా సన్నాహాలు జరుగుతున్న 1975లో గొడవ రచ్చకెక్కిన తరువాత గానీ వాళ్లకు ఏటా 20,000 డాలర్ల భత్యం, బొమ్మ పక్కన పేరు దక్కలేదు. వాచ్‌మెన్ సినిమా మీద తన పేరు వద్దని, డబ్బు గిబ్బన్స్‌కే ఇవ్వమని అలన్ మూర్ పక్కకు తప్పుకున్నాడు. అంగీ పొడవు రెండంగుళాలు తగ్గితే ఊరంతా ఏకమయ్యే మనం, గీసిన చెయ్యికి కూలి ముట్టిందా అని ఎప్పుడైనా అడిగామా?

మన దగ్గర ఆ చెయ్యీ, కెమెరా పట్టిన కన్నూ ఒకరివే అయిన మనిషి ఒకాయన ఉండేవారు. నరసాపురంలో పుట్టిన బాపు గారు. ఆయన కార్టూన్‌లో నాలుగు గీతలు ఉంటాయి, తక్కినదంతా తెల్ల కాగితం. గోడ ఉండదు, కిటికీ ఉండదు. అలాంటి మనిషి 1967లో తొలి సినిమా సాక్షి తీయడానికి స్టూడియోలో తెల్లటి సెట్టు వేయించుకోలేదు. పులిదిండి వెళ్లి, నిజమైన ఊళ్లో, నిజమైన గోడల మధ్య తీశారు. కాగితం మీది ఖాళీకి తెర మీద బదులు ఏమిటని వెతికితే నాకు ముఖాలు కనిపిస్తాయి. ఆయన కెమెరా ముఖానికి ఎంత దగ్గరగా పోతుందంటే, వెనుక ఉన్న ఊరు దానంతట అదే చెరిగిపోతుంది. 1975లో ముత్యాల ముగ్గు తీసినప్పుడు ఉత్తర రామాయణాన్ని తెచ్చి మన కాలపు ఇంట్లో పెట్టారు. అక్కడ లోకనింద ఉన్న చోట ఇక్కడ ఒక కంట్రాక్టరు పన్నాగం వచ్చింది. జీవితమంతా రాముడి బొమ్మలు గీసిన మనిషి ఆ మార్పుకు జంకలేదు.

అందుకే ఎవరైనా బుడుగును సినిమాగా తీస్తామంటే ఏమి అడగాలో నాకు తెలుసు. అది కామిక్ కాదు, ముళ్లపూడి వెంకటరమణ గారి మాటలు, పక్కన బాపు గారి బొమ్మలు. అయినా తెలుగు పాఠకుడికి ఆ పిల్లవాడి ముఖం ఏ సూపర్‌హీరో ముఖానికీ తీసిపోనంతగా స్థిరపడిపోయింది. తీసేవాళ్లు ముందు ఆ జుట్టు, ఆ లాగు, ఆ నిలబడే తీరు ఉన్న కుర్రవాడి కోసం రాజమండ్రి నుంచి రాజోలు దాకా గాలిస్తారు. దొరికితే పోస్టరు వేస్తారు, అచ్చు బాపు బొమ్మే అని మనమూ మురిసిపోతాం. బుడుగు బలం ముఖంలో లేదు. పెద్దవాళ్లంతా తెలివితక్కువవాళ్లని వాడికి గట్టి నమ్మకం, దానిని వాడు చాలా గంభీరంగా, వాళ్ల మేలు కోరి చెబుతాడు. నవ్వేది మనం, వాడు కాదు. కాబట్టి ముఖం ఎలా ఉన్నా నేను పేచీ పెట్టను, లాగు బదులు జీన్స్ వేసినా ఊరుకుంటాను. తాను ముద్దుగా ఉన్నానని ఆ పిల్లవాడికి తెలిసిపోయి, కెమెరా వైపు చూసి ఒక్కసారి నవ్వాడా, విశ్రాంతి దాకా కూడా ఆగకుండా లేచి వచ్చేస్తాను.